స్తంభం ఎక్కే పిల్లగాని పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది?

(హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో జరిగిన మన సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం వ్యవసాయ కరెంటు. చార్జీల సంగతి, కొత్త కనెక్షన్ల సంగతి పొద్దున మాట్లాడినవాళ్లు నాకన్నా బాగా చెప్పారు. నేను తీగ మీద పనిచేసే మనిషి గురించి చెప్తాను. నా చదువు పదో తరగతి వరకే. ఇంజనీరును కాను, లైన్‌మన్‌ను కూడా కాను. కానీ పద్దెనిమిది నెలలు 11 కేవీ, 33 కేవీ లైన్ల మీద పని నేర్చుకున్నాను. అందులో పదిహేడు నెలల గురించి మా ఊళ్లో గొప్పగా చెప్పుకున్నాను. చివరి నెల గురించి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్తాను.

మాది వలిగొండ దగ్గర పల్లె. ఇక్కడ నయాపుల్ కింద పారే మూసీయే దిగువన మా పొలాల పక్క నుంచి పోతుంది. ఈ అఫ్జల్‌గంజ్ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలిసిన ధాన్యపు గంజ్. రైతులు బస్తాలు తెచ్చిన చోటు. నేను మాత్రం 1991లో ఇక్కడికి వచ్చింది గింజలు అమ్మడానికి కాదు. పక్కనే ఉన్న ఉస్మానియా దవాఖానలో ఒక పిల్లగాణ్ని చూడడానికి వచ్చాను. ఇవాళ బస్సు దిగి ఆ గుమ్మటాలు చూడగానే కాళ్లు కొంచెంసేపు ఆగిపోయాయి.

మా నాయిన రెండు బోర్లు వేశాడు. రెండూ ఎండిపోయాయి. అప్పు మిగిలింది. 1990 ఎండాకాలంలో మా దిక్కు కొత్త సబ్‌స్టేషన్‌కు 33 కేవీ లైను వేస్తున్నారు. కాంట్రాక్టరు మనుషులను పెట్టుకుంటున్నాడని తెలిసి పోయాను. నాకు పద్దెనిమిదేళ్లు. "పని నేర్చుకో, అప్రెంటిస్ అనుకో" అన్నాడు. అప్రెంటిస్ అంటే గొప్ప మాట అనుకున్నాను. కాగితం ఏమన్నా ఉంటదా అని అడగాలన్న తెలివి అప్పుడు నాకు లేదు.

మా మేస్త్రీ పాతబస్తీ మనిషి. అందరం చాచా అనేవాళ్లం. వాళ్ల నాయిన హుస్సేన్‌సాగర్ ఒడ్డున, 1920లో మొదలైన పాత పవర్‌హౌస్‌లో బొగ్గు ఎత్తినవాడట. చాచా మమ్మల్ని మూడు నెలలు స్తంభం ఎక్కనివ్వలేదు. గుంతలు తవ్వించాడు, తాళ్లు మోయించాడు, ముళ్లు వేయించాడు. 33 కేవీకి వాడే 9.1 మీటర్ల స్తంభమైనా, 11 కేవీకి వాడే 8 మీటర్ల స్తంభమైనా సుమారు ఆరో వంతు భూమిలోకి పోవాలి. నల్లరేగడైతే ఇంకా జాగ్రత్త కావాలి. వానకు నేల మెత్తబడితే స్తంభం ఒరుగుతుంది. ఒకటి ఒరిగితే తీగ లాగుడుకు పక్కవి కూడా ఒరుగుతాయి. స్టే వైరు ఎందుకు కడతారో, ఎటువైపు కట్టాలో మట్టి మీద గీతలు గీసి చూపించేవాడు. ఇప్పుడు మనవాళ్లు గట్టుకు అడ్డమని స్టే వైరు కోసేస్తున్నారు, బర్రెను దానికే కట్టేస్తున్నారు. ఆ బర్రె ఎట్ల చస్తుందో, ఆ స్తంభం ఎట్ల పడుతుందో నాకు చాచా చెప్పిన ఆ మట్టిగీతల్లోనే కనబడుతుంది.

నాలుగో నెలలో ఎక్కించాడు. తాడును నడుముకు, స్తంభానికి చుట్టి, వట్టి కాళ్లతో ఎక్కడం. మొదటిసారి సగం ఎక్కి కిందికి చూశాను. కడుపులో తిప్పింది. చాచా కింద నుంచి ఒకటే మాట అన్నాడు. "దేఖ్‌కే ఛూ, ఛూకే మత్ దేఖ్." చూసి ముట్టుకో, ముట్టుకుని చూడొద్దు. ఆ ఒక్క మాటలోనే లైను పని అంతా ఉంది.

ఎందుకంటే 11 కేవీ అంటే పదకొండు వేల వోల్టులు. మన ఇంట్లో కరెంటు 230. ఇంట్లో తీగ తగిలితే ఒక్కోసారి గుంజి వదులుతుంది, బతికి బయటపడ్డవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ అనుభవంతోనే పెద్ద లైను దగ్గరికి పోతారు. పదకొండు వేల వోల్టులకు ముట్టుకోవడం కూడా అక్కర్లేదు, మరీ దగ్గరికి పోతే గాలిలోంచే దూకుతుంది. ఎండిన కట్టెతో నెడితే ఏం కాదనుకుంటారు. ఇంటి కరెంటు దగ్గర ఆ కట్టె ప్రాణం కాపాడొచ్చేమో కానీ 11 కేవీ దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. తీగ తెగి పొలంలో పడితే దాని చుట్టూ ఉన్న తడి నేలలో కూడా కరెంటు ఉంటుంది. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పడితే ఆ తేడాకే మనిషి కూలిపోతాడు. పది మీటర్ల అవతలే ఆగండి. అప్పటికే దగ్గర ఉంటే రెండు పాదాలు కలిపి, నేల మీద జరుపుకుంటూ వెనక్కి రండి. పడిపోయినవాణ్ని లాగబోయి రెండో మనిషి పోయిన ఊళ్లు మనకు తెలుసు. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను బంద్ చేయించాలి.

ఇక ఎల్‌సీ గురించి. లైన్ క్లియర్ అంటారు. ఈ రెండక్షరాలు మీలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. లైను మీద పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్ బంద్ చేయాలి. ఏ ఫీడరు, ఎవరు అడిగారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నది రాసిపెట్టాలి. పని దగ్గర ఏబీ స్విచ్ దించి తాళం వేయాలి. దించగానే సరిపోదు, తలెత్తి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కంటితో చూడాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు విడిపోయి ఒకటి అతుక్కునే ఉంటుంది. ఆ ఒక్కటే చాలు మనిషిని చంపడానికి. తరువాత డిశ్చార్జి రాడ్‌తో చూసి, పనిచేసే చోటుకు రెండు వైపులా మూడు తీగలనూ కలిపి భూమికి ఎర్తు వేయాలి. పొరపాటున ఎవరైనా కరెంటు ఇచ్చినా అది ఎర్తులోకి పోయి బ్రేకర్ పడిపోతుంది. పని అయ్యాక ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఇంకొకరి మాట చెల్లదు.

లైను బంద్ ఉంది కదా, ఎర్తు ఎందుకని అడిగాను నేను. చాచా ఒక సంగతి చెప్పాడు. ఎవరో ఇంట్లో పెళ్లికి జనరేటర్ పెట్టి, మెయిన్ తీయకుండా ఇంటి లైనుకు కలిపితే, ఆ కరెంటు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేలను చిన్నది చేసినట్టే, చిన్నదాన్ని పదకొండు వేలు కూడా చేస్తుంది. సబ్‌స్టేషన్‌లో బంద్ ఉన్నా పైన ఉన్నవాడు చస్తాడు. ఇప్పుడు ఊరూరా జనరేటర్లు, ఇన్వర్టర్లు ఉన్నాయి. ఈ ముచ్చట అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ పనికొస్తుంది.

ఇదంతా నేర్చుకున్నాను. నేర్చుకుని కూడా ఏం చేశానో వినండి.

1991 చివర్లో 33 కేవీ పని అయిపోయింది. మమ్మల్ని ఒక 11 కేవీ ఫీడర్ మీద పాత తీగ మార్చే పనికి పెట్టారు. రెండు గ్యాంగులు, ఒకటే ఎల్‌సీ. మాది ఈ చివర, రెండో గ్యాంగు మూడు కిలోమీటర్ల అవతల. ఎర్తు రాడ్లు ఒకటే సెట్టు, అవి మా దగ్గర ఉన్నాయి. ఆ రోజు చాచా జ్వరంతో రాలేదు. మధ్యాహ్నం మా పని అయింది. ఊళ్లో మోటార్లు ఆగి ఉన్నాయి, రైతులు వచ్చి కరెంటు ఎప్పుడిస్తరని అరుస్తున్నారు. మా గ్యాంగులో పెద్దవాడు నన్ను సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కు పంపాడు. "మన దిక్కు అయిపోయిందని చెప్పిరా" అన్నాడు. సెల్‌ఫోన్లు లేని రోజులు. నేను పోయి "అయిపోయింది సార్" అన్నాను. మన దిక్కు అన్న మాట నా నోట్లోనే పోయింది. ఆయన కాగితం అడగలేదు, నేను ఇవ్వలేదు. బ్రేకర్ వేశాడు.

అవతలి గ్యాంగులో పంతొమ్మిదేళ్ల పిల్లగాడు స్తంభం మీద ఉన్నాడు.

వాడు చావలేదు. కింద మెత్తటి దుక్కిలో పడ్డాడు. కుడి చేయి మోచేతి దాకా తీసేశారు. ఉస్మానియాలో వాణ్ని చూడడానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ నాకు చాయ తాగమని పైసలు ఇచ్చింది. ఆమెకు నేనెవరో తెలియదు, కొడుకు దోస్తు అనుకుంది. కాంట్రాక్టరు దగ్గర రిజిస్టర్‌లో వాడి పేరు లేదు. ఆ రోజు పనిలో ఉన్న తొమ్మిది మందిలో నాలుగు పేర్లే ఉన్నాయి. పరిహారం అడిగితే, ఆ పిల్లగాడెవడో మాకు తెలియదు, స్తంభం ఎందుకెక్కాడో తెలియదు అన్నారు. నా పేరు కూడా రిజిస్టర్‌లో లేదు. అందుకే నన్నెవరూ ఏమీ అడగలేదు. పేరు లేకపోవడం వాణ్ని ముంచింది, నన్ను కాపాడింది. ముప్పై ఏళ్లు దాటినా ఈ లెక్క నాకు తెగడం లేదు.

నేను లైను పని వదిలేసి నాగలి పట్టాను.

ఇప్పుడు మీరు అనొచ్చు, ఇది కరెంటోళ్ల సంగతి, రైతు సంఘానికి ఎందుకని. నేను కూడా చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను. 2000లో చార్జీల పెంపు మీద పోరాటం జరిగితే మన జిల్లా నుంచి వచ్చిన వందలమందిలో నేనొకణ్ని. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలిచ్చారు. ఆ పోరాటం వల్లే వ్యవసాయ కరెంటు రాజకీయాల్లో పెద్ద మాట అయింది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. కరెంటు ధర మీద, గంటల మీద మనం కొట్లాడాం. ఆ కరెంటును మన బాయి దాకా తెచ్చే పిల్లగాని గురించి ఒక్క తీర్మానం కూడా చేయలేదు. పైగా 1991లో కరెంటు ఎప్పుడిస్తరని ఆ మధ్యాహ్నం అరిచింది మనమే.

ఇంకొక సంగతి. ఊరికి వచ్చాక నన్ను కరెంటు తెలిసినవాడు అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే నా ఇంటికి వచ్చేవాళ్లు. లైన్‌మన్‌కు నాలుగు ఊళ్లు, ఆయన వచ్చేసరికి సాయంత్రం అయితది, వరి పొట్ట మీద ఉంది, "అన్నా, నువ్వు జర చూడు" అంటే ఎట్ల కాదంటాం? ఏబీ స్విచ్ దించి, గద్దె ఎక్కి ఫ్యూజు కట్టేవాణ్ని. ఎల్‌సీ లేదు, ఎర్తు లేదు. చాచా నేర్పినదంతా తెలిసి కూడా ఎక్కాను. ఏం కాలేదు కాబట్టి నన్ను చూసి ఇంకో ఇద్దరు నేర్చుకున్నారు. నాలుగేళ్ల కింద ఆ ఇద్దరిలో ఒకడు తెల్లవారుజామున ఎక్కాడు. ఏబీ స్విచ్ దించే ఎక్కాడు. ఒక బ్లేడు విడిపోలేదు. చీకట్లో తలెత్తి చూడలేదు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. వాడికి ఆ పని నేర్పింది నేనే. ఆనాటి నుంచి నేను గద్దె ఎక్కడం లేదు. ఊళ్లో కొందరికి కోపం వచ్చింది. ఒక ఎండాకాలం నా పొలమే అరెకరం ఎండిపోయింది. అయినా ఎక్కలేదు.

ఫ్యూజు ఎందుకు పోతుందో కూడా మాట్లాడుకుందాం, ఇందులో మన తప్పు ఉంది. 5 హెచ్‌పీ మోటారు ఒకటి సుమారు 5 కేవీఏ తీసుకుంటుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నాలుగైదు మోటార్లకే సరిపోతుంది. మనం ఏడు, ఎనిమిది కడుతున్నాం. కాగితం మీద 3 హెచ్‌పీ రాయించి బాయిలో 7.5 దించుతున్నాం. ఆటోస్టార్టర్లు పెడితే కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు గుంజుతుంది. ఫ్యూజు పోతుంది. పోకుండా లావు తీగ కడతాం. అప్పుడు ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. కాలితే ట్రాక్టర్ కట్టి మనమే మోసుకుపోతున్నాం. నియంత్రణ మండలి పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. ఫ్యూజు పోతే పల్లెల్లో 12 పని గంటల్లో సరిచేయాలి. ఆ గడియారం మన ఫిర్యాదు నమోదైనప్పుడే మొదలవుతుంది. మనం 1912కు ఫోన్ చేయకుండా గద్దె ఎక్కితే ఆ గడియారం ఎప్పటికీ మొదలు కాదు. లైన్‌మన్ పోస్టు ఖాళీగా ఉన్నా పని నడిచిపోతుందని లెక్కల్లో చూపించేది మనమే, మన ప్రాణాలు పెట్టి.

లైన్‌మన్‌తో కొట్లాట పెట్టుకొమ్మని నేను అనడం లేదు. ఆయన కూడా మన ఊరి రైతు కొడుకే. ఒక్కడే నాలుగు ఊళ్లు తిరగలేక, జేబులోంచి పైసలిచ్చి ఒక పిల్లగాణ్ని వెంట పెట్టుకుంటాడు. ప్రైవేటు హెల్పర్ అంటాం. ఎక్కేది ఆ పిల్లగాడే. ఏ రిజిస్టర్‌లోనూ వాడి పేరు ఉండదు. తెలంగాణలో 2017లో ఇరవై వేలకు పైగా ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్లుగా విద్యుత్ సంస్థల్లోకి తీసుకున్నారు. పేరు ఉన్నవాళ్లకే ఆ దారి దొరికింది. పేరు లేని పిల్లగాళ్లు ఇంకా స్తంభాల మీదే ఉన్నారు.

చట్టం లేక కాదు. 1961 అప్రెంటిస్ చట్టం ఉంది. అప్రెంటిస్‌గా పెట్టుకుంటే ఒప్పందం రాసి నమోదు చేయాలి, స్టైపెండ్ ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే కార్మికుడికి ఇచ్చినట్టే యజమాని పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. ప్రమాదకరమైన పనుల్లో పద్దెనిమిదేళ్లు నిండాలని 2014లో సవరణ చేశారు. నన్ను అప్రెంటిస్ అని పిలిచినవాడికి ఈ చట్టం తెలుసు. నాకే తెలియదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. నేర్చుకునే పని కాగితం మీద నేర్చుకోవాలి.

ఆడపిల్లల గురించి కూడా ఒక మాట. 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లు పనికిరారని నోటిఫికేషన్‌లో పెడితే, సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష హైకోర్టుకు పోయింది. స్తంభం ఎక్కే పరీక్షలో ఎక్కి చూపించింది. 2022 మేలో ఉద్యోగంలో చేరింది. కోర్టు దాకా పోయి కాగితం సంపాదించుకుని ఎక్కింది ఆ బిడ్డ. మన మగపిల్లలు కాగితం అడగడానికి సిగ్గుపడి ఎక్కుతున్నారు. ఎవరిది ధైర్యమో మీరే చెప్పండి.

ఇక మనం చేయగలిగింది. ఒకటి, మన సంఘం సభ్యులెవరూ గద్దె ఎక్కొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు. పంట ఎండుతున్నప్పుడు ఇది కష్టమని నాకు తెలుసు, నాకూ ఎండింది. అందుకే ఒక్కరిగా వద్దు, ఊరంతా కలిసి 1912కు ఫోన్ చేసి, నంబరు, టైము రాసుకోండి. గడువు దాటితే ఆ కాగితంతో సంఘం తరఫున పోదాం. రెండు, ఊళ్లో లైను పని జరుగుతుంటే పోయి ఎల్‌సీ తీసుకున్నారా, ఎవరి పేరు మీద, ఎర్తు వేశారా అని అడగండి. కరెంటు ఎప్పుడిస్తరని ఆ తరువాత అడగండి. మూడు, మోటారు ఎంత ఉందో అంతే రాయించండి, ఆటోస్టార్టర్లు తీసేయండి, కెపాసిటర్లు పెట్టండి. లోడు సరిగ్గా రాయించిన ఊరికే రెండో ట్రాన్స్‌ఫార్మర్ అడిగే హక్కు ఉంటుంది.

నాలుగోది నా సొంత కోరిక. మీ ఊళ్లో స్తంభాలు ఎక్కే పిల్లలు ఎందరున్నారో, వాళ్ల పేర్లు, వయసులు, ఎవరు పెట్టుకున్నారో ఒక నోటుబుక్కులో రాయండి. వాళ్లను పట్టించడానికి కాదు. రేపు ఏమన్నా అయితే ఆ పిల్లగాడెవడో తెలియదని ఎవరూ అనకుండా ఉండడానికి. ఆ జాబితా పట్టుకుని, వీళ్లను అప్రెంటిస్‌లుగా నమోదు చేయండి, లేదా వీళ్లను ఎక్కించడం ఆపండి అని అడుగుదాం.

మా ఊరి జాబితా నేను తెచ్చాను. ఆరుగురు ఉన్నారు. అందరికన్నా చిన్నవాడికి పదిహేడేళ్లు. పై నెల సమావేశానికి మీ మీ ఊళ్ల పేర్లు తెండి.